కంపెనీకి 'లీడర్' ముద్ర వేసేది ఎవరు, వాళ్లకి డబ్బులిచ్చేది ఎవరు?

ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దది, ముందే చెప్పేస్తున్నా. బస్సులో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, పలమనేరు దాటి ముళబాగిలు చేరేలోపు అయిపోతుంది.

ఒక పని చేయండి. ఫోన్‌లో ఏదైనా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వెబ్‌సైట్ ఓపెన్ చేయండి. మొదటి పేజీలోనే ఒక బ్యానర్ కనిపిస్తుంది. ఫలానా రిపోర్ట్‌లో మేము 'లీడర్' అనో, 'టాప్ పెర్ఫార్మర్' అనో, 'వరసగా ఐదో ఏడాది' అనో ఉంటుంది. కింద 'రిపోర్ట్ ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోండి' అని బటన్. నొక్కితే మన ఫోన్ నంబర్, ఈమెయిల్ అడుగుతారు. అప్పుడు రిపోర్ట్ వస్తుంది.

ఆ ముద్ర వేసింది ఎవరు? వాళ్లకి ఆ అధికారం ఎవరిచ్చారు? వాళ్ల ఇల్లు గడిచేది ఎవరి డబ్బుతో? ఈ రోజు మాట్లాడుకునేది ఇదే.

గంగవరం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను. ఎంసీఏ అయింది, బెంగళూరులో రెండు ఆఫర్లు వచ్చాయి. ఒక కంపెనీ 'లీడర్' అంట, ఇంకో కంపెనీకి అలాంటి ముద్రలేమీ లేవు కానీ జీతం నెలకి ఆరు వేలు ఎక్కువ. 'అన్నా, లీడర్ కంపెనీకే పొమ్మని మా మామ అంటా ఉండాడు, నువ్వేమంటావు?' అని అడిగాడు. జవాబు చెప్తా, కానీ ముందు అసలు ఈ వ్యాపారం ఏంటో తెలియాలి.

వీళ్లని ఇండస్ట్రీ అనలిస్టులు అంటారు. షేర్లు కొనండి, అమ్మండి అని చెప్పేవాళ్లు వేరు, వాళ్ల దగ్గరికి తర్వాత వస్తా. ఇండస్ట్రీ అనలిస్టు చూసేది షేరు ధర కాదు, సరుకు. ఏ క్లౌడ్ బాగుంది, ఏ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ బాగుంది, ఏ ఐటీ సర్వీసెస్ కంపెనీకి పని అప్పజెప్పొచ్చు, ఇలాంటివి. ఇందులో పాత పేర్లు మూడు: ఐడీసీ 1964లో మొదలైంది, గార్ట్‌నర్ 1979లో, ఫారెస్టర్ 1983లో. గార్ట్‌నర్ అనేది మనిషి పేరే, గిడియన్ గార్ట్‌నర్ అనే ఆయన పెట్టిన కంపెనీ. ఇప్పుడది ఎంత పెద్దదంటే 2023లో దాని ఆదాయం దాదాపు 590 కోట్ల డాలర్లు. సాఫ్ట్‌వేర్ తయారు చేసి కాదు, ఎక్కువ భాగం అభిప్రాయాలు అమ్మి.

నవ్వకండి, అభిప్రాయానికి నిజంగానే విలువ ఉంది. ఒక బ్యాంకు ఐటీ హెడ్ అనుకోండి. యాభై కోట్ల సాఫ్ట్‌వేర్ కొనాలి. ముప్పై కంపెనీలు వచ్చి 'మాదే బెస్ట్' అంటాయి. ముప్పైనీ ఆయన పరీక్షించలేడు. అప్పుడు ఇదే పని రోజూ చేసేవాళ్లని అడుగుతాడు. వాళ్లు వందల మంది కస్టమర్లతో మాట్లాడి ఉంటారు. ఏ కంపెనీ మాట నిలబెట్టుకుంటుంది, ఏది డెమోలో మాత్రమే బాగుంటుంది, వాళ్లకి తెలుసు. దానికి ఫీజు కడతాడు, అందులో తప్పేమీ లేదు.

గార్ట్‌నర్ వాళ్ల దగ్గర 'మ్యాజిక్ క్వాడ్రంట్' అని ఒక బొమ్మ ఉంటుంది. ఒక చదరం, దాన్ని నాలుగు గళ్లు చేస్తారు. నిలువుగా చూస్తే చెప్పిన పని చేసే సత్తా ఎంత, అడ్డంగా చూస్తే ముందుచూపు ఎంత. రెండూ ఉన్నవాళ్లు కుడివైపు పైగడిలో, వాళ్లే లీడర్స్. సత్తా ఉండి చూపు తక్కువైతే ఛాలెంజర్స్. చూపు ఉండి సత్తా తక్కువైతే విజనరీస్. మిగిలినవాళ్లు కింద ఎడమ గడిలో, నిష్ ప్లేయర్స్. ఒక్కో కంపెనీ ఒక్కో చుక్క. ఆ చుక్క సెంటీమీటరు అటూ ఇటూ జరిగితే సేల్స్ టీమ్ బోనస్‌లే మారిపోతాయని ఐటీలో పనిచేసే ఎవర్ని అడిగినా చెప్తారు.

ఇప్పుడు అసలు ముడి. అభిప్రాయం కొనేది బ్యాంకు మాత్రమే కాదు. ఆ చుక్కల్లో ఉన్న కంపెనీలు కూడా అదే గార్ట్‌నర్‌కి, అదే ఫారెస్టర్‌కి కస్టమర్లే. సబ్‌స్క్రిప్షన్ కడతారు, కాన్ఫరెన్సుల్లో స్టాల్ పెడతారు. మంచి మార్కు వచ్చాక ఆ రిపోర్ట్‌ని తమ వెబ్‌సైట్లో పెట్టుకోవడానికి మళ్లీ వేరే డబ్బు కడతారు. దాన్ని రీప్రింట్ హక్కులు అంటారు. మీరు ఇందాక 'ఫ్రీగా డౌన్‌లోడ్' అని చూసింది నిజానికి ఫ్రీ కాదు, మీ బదులు ఆ కంపెనీ కట్టేసింది. అందుకే మీకు దొరికే రిపోర్ట్ ఎప్పుడూ ఎవరో ఒకరిని పొగిడినదే అయి ఉంటుంది. తిట్టిన రిపోర్ట్ మీద హక్కులు కొని ఎవరు పంచుతారు చెప్పండి.

మనవాళ్లకి ఇది అర్థం కావాలంటే మండీ చాలు. మదనపల్లె యార్డ్ కావచ్చు, పలమనేరు కావచ్చు, వి.కోట కావచ్చు. రైతు టమాటా కోసి క్రేట్లు నింపి మండీలో దించుతాడు. మండీ ఆయన వేలం పాడిస్తాడు. ఆయనకి కమీషన్ వచ్చేది రైతు సరుకు మీద. కానీ తమిళనాడు నుంచి, ఉత్తరాది నుంచి వచ్చి కొనే వ్యాపారి రేపు కూడా ఆయన దగ్గరికే రావాలి. పైగా చాలామంది రైతులు నారుకి, మందులకి అదే మండీలో అడ్వాన్స్ తీసుకుని ఉంటారు, ఇంకో మండీకి పోలేరు. ఇప్పుడు ఆయన ఒక క్రేట్ చూసి 'ఇది సెకండ్ క్వాలిటీ' అన్నాడనుకోండి. ఆ మాట టమాటాని చూసి అన్నాడా, వ్యాపారి ముఖం చూసి అన్నాడా? ఆయన నిజాయితీపరుడే కావచ్చు, మన ఊళ్లలో అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ రెండువైపులా లెక్క ఉన్న మనిషి మాట మీద అనుమానం రావడం సహజం. అనుమానం పోవాలంటే తక్కెడ అందరికీ కనబడాలి.

ఇంకోటి, ధర బాగున్నప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. 2023 జూలై ఆఖర్లో మదనపల్లెలో కిలో రెండు వందలకి దగ్గరగా పోయింది కదా, అప్పుడు తూకం గురించి ఎవడు పట్టించుకున్నాడు? ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసినప్పుడే ఎవరు ఎంత పట్టుకున్నారనే లెక్కలు బయటికొస్తాయి. ఐటీలో కూడా అంతే.

సరే, అనలిస్టుల వైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే నేను కూడా ఒకవైపే తూచినట్టు. వాళ్లేమంటారంటే, మా కస్టమర్ కాకపోయినా ఏ కంపెనీ అయినా వచ్చి తన సరుకు గురించి చెప్పుకోవచ్చు. దాన్ని బ్రీఫింగ్ అంటారు, దానికి ఫీజు లేదు. గార్ట్‌నర్‌లో ఫిర్యాదుల కోసం ఆంబుడ్స్‌మన్ ఆఫీసు కూడా ఉంది. డబ్బు కడితే చుక్క జరగదు అని గట్టిగా చెప్తారు. నా అంచనా కూడా అదే. 'ఇంత ఇస్తే లీడర్' అని రేటు కార్డు ఎక్కడా ఉండదు. అంత చవకగా చేస్తే ఆ బ్రాండ్ ఒక ఏడాదిలో మునిగిపోతుంది.

విషయం ఇంకా సన్నగా ఉంటుంది. బ్రీఫింగ్‌లో కంపెనీ మాట్లాడుతుంది, అనలిస్టు వింటాడు, అంతే. అనలిస్టుని తిరిగి ప్రశ్నలు అడగాలంటే, 'మేం ఏం మార్చుకుంటే బాగుంటుంది, మీరు దేన్ని ముఖ్యం అనుకుంటున్నారు' అని సలహా తీసుకోవాలంటే దానికి సబ్‌స్క్రిప్షన్ ఉండాలి. అంటే డబ్బు కట్టినవాడికి పరీక్ష పేపర్ దిద్దే సార్‌తో ఏడాది పొడవునా ట్యూషన్ ఉంటుంది. కట్టనివాడు పరీక్ష రోజు వచ్చి రాసి వెళ్తాడు. సార్ మార్కులు అమ్ముకోలేదు, నిజమే. కానీ ఇద్దరికీ ఒకే మార్కులు వస్తాయా? పైగా పెద్ద కంపెనీల్లో 'అనలిస్ట్ రిలేషన్స్' అని ప్రత్యేకంగా ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది, వాళ్ల ఉద్యోగమే ఈ సార్లతో మాట్లాడటం. పది మందితో నడిచే స్టార్టప్‌కి ఆ స్థోమత ఎక్కడిది.

ఇలా మండిపోయి కోర్టుకెక్కినవాళ్లున్నారు. 2009లో జడ్‌ఎల్ టెక్నాలజీస్ అని కాలిఫోర్నియా కంపెనీ ఒకటి గార్ట్‌నర్ మీద కేసు వేసింది. ఈమెయిల్ ఆర్కైవింగ్ బొమ్మలో తమని నిష్ గడిలో పెట్టారు, తమ సరుకు బాగున్నా పెద్ద కంపెనీలకే పెద్దపీట వేశారు అని వాళ్ల బాధ. కోర్టు కొట్టేసింది, అప్పీల్లో కూడా పోయింది. 2014లో నెట్‌స్కౌట్ అనే ఇంకో కంపెనీ కనెక్టికట్‌లో కేసు వేసింది. వీళ్లని లీడర్స్‌లో కాకుండా ఛాలెంజర్స్‌లో పెట్టారు. మేం వాళ్ల సర్వీసులకి తగినంత ఖర్చు పెట్టలేదు కాబట్టే ఇలా చేశారు అన్నది ఆరోపణ. ఆరేళ్లు నడిచింది. 2020 జనవరిలో కనెక్టికట్ సుప్రీంకోర్టు కూడా గార్ట్‌నర్ పక్షానే తీర్పిచ్చింది.

ఎందుకు గెలిచారో వినండి, ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. గార్ట్‌నర్ 'మా బొమ్మ నూటికి నూరుపాళ్లు నిజం' అని వాదించలేదు. 'ఇది మా అభిప్రాయం' అని వాదించింది. అభిప్రాయం చెప్పుకునే స్వేచ్ఛ అమెరికా రాజ్యాంగం ఇస్తుంది, అది వాస్తవ ప్రకటన కాదు కాబట్టి పరువునష్టం కిందికి రాదు. కోర్టు ఒప్పుకుంది. డబ్బు వల్లే చుక్క జరిగిందని ఆ కేసుల్లో రుజువు కాలేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి. కానీ తమాషా చూడండి. కోర్టులో 'అభిప్రాయం' అయిన బొమ్మే కంపెనీ బ్యానర్ మీదికి వచ్చేసరికి 'గుర్తింపు' అయిపోతుంది, మన ఆఫర్ లెటర్ దగ్గరికి వచ్చేసరికి 'నంబర్ వన్ కంపెనీ' అయిపోతుంది. రిపోర్ట్ చివర్లో చిన్న అక్షరాల్లో వాళ్లే రాస్తారు, మేం ఏ కంపెనీనీ సిఫారసు చేయట్లేదు, ఎక్కువ రేటింగ్ ఉన్నవాళ్లనే ఎంచుకోమని చెప్పట్లేదు, వీటిని వాస్తవాలుగా తీసుకోవద్దు అని. ఆ పేరా ఎవరూ చదవరు.

అందుకని గంగవరం తమ్ముడూ, నీ జవాబు. ఆ లీడర్ ముద్ర ఒక కంపెనీకి కాదు, ఆ కంపెనీ అమ్మే ఒక సరుకుకి. ఇరవై రకాల పనులు చేసే కంపెనీకి ఒకదాంట్లో ముద్ర ఉంటుంది, నిన్ను తీసుకునేది ఇంకోదాంట్లోకి కావచ్చు. అసలు ఆ బొమ్మ గీసింది సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ల కోసం, ఉద్యోగం వెతికేవాళ్ల కోసం కాదు. అందులో జీతాలు టైమ్‌కి వేస్తారా, బెంచ్ మీద ఎన్ని నెలలు ఉంచుతారు, బాండ్ ఉందా, ఇవేవీ కొలవరు. హెచ్‌ఆర్‌ని అడుగు, ఏ ప్రాజెక్ట్, ఏ టీమ్, బాండ్ ఎంత, పోయిన ఏడాది చేరిన ఫ్రెషర్లలో ఎంతమందికి ప్రాజెక్ట్ దొరికింది అని. అక్కడ పనిచేస్తున్న మన వైపు పిల్లలు ఎవరైనా ఉంటే కాల్ చెయ్. మామకి నా నమస్కారం చెప్పు, కానీ ముద్ర చూసి నెలకి ఆరు వేలు వదులుకోమంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకో రకం తప్పు ఉంది, దాన్ని పక్షపాతంతో కలపకూడదు. 2011 ఫిబ్రవరిలో నోకియా, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపాయి. వెంటనే ఐడీసీ, గార్ట్‌నర్ రెండూ అంచనాలు వేశాయి, 2015 నాటికి విండోస్ ఫోన్ ఐఫోన్‌ని దాటేసి ఆండ్రాయిడ్ తర్వాత రెండో స్థానంలో ఉంటుంది, మార్కెట్లో దాదాపు ఇరవై శాతం అని. మీలో ఎవరి జేబులో అయినా విండోస్ ఫోన్ ఉందా? 2015 వచ్చేసరికి దాని వాటా మూడు శాతం కూడా లేదు. ఇది అమ్ముడుపోవడం అని నేను అనను. పెద్ద కంపెనీలు రెండు కలిస్తే పెద్దదే అవుతుందని అందరూ అనుకున్నారు, వీళ్లూ అనుకున్నారు. తప్పు అంచనా వేరు, అమ్మిన అంచనా వేరు. కాకపోతే బయట నుంచి చూసే మనకి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే లెక్క ఎలా కట్టారో చూపించమని అడగాలి. ఎన్ని షాపులు అడిగారు, ఏ దేశాల్లో, ఎవరిచ్చిన అంకెలు అని.

ఎవరిచ్చిన అంకెలు అంటే గుర్తొచ్చింది. మన తెలుగువాళ్ల కథ చెప్పకుండా ఈ టాపిక్ పూర్తికాదు.

సత్యం కంప్యూటర్స్. 2009లో మీలో చాలామంది చిన్నపిల్లలు, కొందరు ఇంకా పుట్టలేదేమో కూడా. కానీ మీ నాన్నని అడగండి. మన జిల్లాల్లో ఇంజినీరింగ్ చదివిన పిల్లాడికి సత్యంలో ఉద్యోగం వచ్చిందంటే పెళ్లి సంబంధాలు వరసకట్టేవి. యాభై వేలకి పైగా ఉద్యోగులు. 1987లో హైదరాబాద్‌లో మొదలై దేశంలో నాలుగో పెద్ద ఐటీ కంపెనీ దాకా వచ్చింది. అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా లిస్ట్ అయింది. 2008 సెప్టెంబర్‌లో మంచి కార్పొరేట్ పాలనకి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు, లండన్‌లో. మళ్లీ చెప్తున్నా, మంచి పాలనకి.

డిసెంబర్ 16న సత్యం బోర్డు ఒక నిర్ణయం తీసుకుంది. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకి కొనాలని. మేటాస్ అంటే సత్యంని ఇంగ్లిష్‌లో తిరగేసి రాయడమే. ఇన్వెస్టర్లు గోలెత్తితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. అదే నెలలో ప్రపంచ బ్యాంకు సత్యం మీద ఎనిమిదేళ్ల నిషేధం పెట్టిన విషయం కూడా బయటపడింది. 2009 జనవరి 7న రాజుగారి లేఖ వచ్చింది. పులి మీద ఎక్కాను, దిగితే తినేస్తుంది, ఎలా దిగాలో తెలియలేదు అన్న అర్థంలో ఆయన రాసింది అప్పుడు ప్రతి పేపర్లో వచ్చింది.

ఆ లేఖలో అంకెలు చూడండి. 2008 సెప్టెంబర్ ఆఖరికి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు అని ఉంటే, అందులో 5,040 కోట్లు లేనేలేవు. ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లు అని చెప్పారు, నిజంగా 2,112. లాభం 649 కోట్లు అని చూపించారు, అంటే 24 శాతం. నిజంగా 61 కోట్లు, మూడు శాతం. మొత్తం లెక్క తేడా 7,136 కోట్లు అని తర్వాత అందరి నోళ్లలో నానింది. ఆ ఒక్కరోజే షేరు 179 నుంచి 40 రూపాయల దగ్గరికి పడింది.

ఇప్పుడు ఆలోచించండి. అన్నేళ్లు ఆ కంపెనీ మీద ఎన్ని రిపోర్టులు వచ్చి ఉంటాయి? ఎంతమంది బ్రోకరేజీ అనలిస్టులు ప్రతి మూడు నెలలకీ కాల్‌లో కూర్చుని ప్రశ్నలు వేసి ఉంటారు? వాళ్లందరూ డబ్బు తిన్నారా? లేదు, నేనలా అనుకోను. వాళ్లు చేసింది ఏంటంటే, కంపెనీ ఇచ్చిన అంకెల మీద కూర్చుని దశాంశ స్థానాల దాకా లెక్కలు కట్టారు. ఆ అంకె ఎక్కడ నుంచి వచ్చిందని బ్యాంకుకి వెళ్లి అడగలేదు. అడగాల్సింది ఆడిటర్, ఆడిటరూ పట్టుకోలేదు. ఇండస్ట్రీ అనలిస్టులైతే అసలు పుస్తకాల జోలికే పోరు. డెలివరీ బాగుందా, కస్టమర్లు సంతోషంగా ఉన్నారా, అంతవరకే. కస్టమర్ల పేర్లు కూడా చాలాసార్లు కంపెనీయే ఇస్తుంది, 'వీళ్లని అడగండి సార్' అని. పెళ్లికొడుకు గురించి పెళ్లికొడుకు ఇచ్చిన నంబర్లకే ఫోన్ చేసి విచారించినట్టు.

ఒక్కరికి మాత్రం పుస్తకాలు తెరిచి చూడాల్సిన అవసరం పడింది. డీఎస్‌పీ మెరిల్ లించ్‌ని సత్యం డిసెంబర్ చివర్లో సలహాదారుగా పెట్టుకుంది, కంపెనీకి భాగస్వామిని వెతకమని. అమ్మాలంటే లోపల చూడాలి కదా. చూశారు. రాజుగారి లేఖ బయటికి రావడానికి కాస్త ముందే, లెక్కల్లో తేడాలున్నాయని చెప్పి తప్పుకున్నారు. ఏళ్లతరబడి పట్టుబడనిది కొద్ది రోజుల్లో కనబడింది. తెలివితేటల తేడా కాదు అది, తలుపు తెరిచి లోపలికి పోయారు, అంతే.

ఇక్కడ ఇంకో మాట అనాలి, ఇది నా అభిప్రాయం. పక్షపాతం అంటే కవర్లో డబ్బులు పెట్టి ఇవ్వడం మాత్రమే కాదు. మొహమాటం ఉంది చూడండి, అది ఇంకా చవక. కాల్‌లో ఇబ్బందికరమైన ప్రశ్న అడిగిన అనలిస్టుకి తర్వాతి మీటింగ్‌కి ఆహ్వానం రాదు. ఛైర్మన్‌తో ఫోటో ఉండదు. బాస్ అడుగుతాడు, 'వాళ్లు నీతో ఎందుకు మాట్లాడటం లేదు?' అని. అప్పుడు ప్రశ్న దానంతట అదే మెత్తబడుతుంది. దీనికి రసీదు ఉండదు, ఏ చట్టమూ పట్టుకోలేదు.

గోల్డెన్ పీకాక్‌ని తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్లో టెక్ మహీంద్రా సత్యంని కొనుక్కుంది. 2015 ఏప్రిల్లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకి ఏడేళ్ల శిక్ష వేసింది. ఇలాంటిది మళ్లీ జరగలేదా అంటే, 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అప్పులు కట్టలేక కుప్పకూలింది. అంతకు కొన్ని వారాల ముందు దాకా దానికి ట్రిపుల్ ఏ రేటింగ్. ఆ రేటింగ్ ఏజెన్సీకి ఫీజు కట్టేది ఎవరు? అప్పు తీసుకునే కంపెనీయే. మళ్లీ మండీ కథే.

ఇప్పుడు షేర్ల వైపు వద్దాం, ఎందుకంటే మీలో సగం మంది ఫోన్లలో డీమ్యాట్ యాప్ ఉంది, నాకు తెలుసు. షేర్ల అనలిస్టుల మీద చట్టం వచ్చింది. దాని వెనక అమెరికా గొడవ ఒకటి ఉంది. ఇంటర్నెట్ షేర్లు ఆకాశంలో ఉన్న రోజుల్లో హెన్రీ బ్లాడ్జెట్ అని మెరిల్ లించ్‌లో పెద్ద పేరున్న అనలిస్టు. అవును, అదే మెరిల్. బయటికి కొనమని చెప్పిన షేర్లనే లోపల ఈమెయిల్స్‌లో చెత్త అని తిట్టుకున్నాడు. ఆ కంపెనీల నుంచి బ్యాంకింగ్ వ్యాపారం రావాలి కాబట్టి రేటింగ్ తియ్యగా ఉంచారు. న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ ఆ ఈమెయిల్స్ బయటపెట్టాడు. 2003 ఏప్రిల్లో పది పెద్ద సంస్థలు కలిపి దాదాపు 140 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి. బ్లాడ్జెట్‌కి 40 లక్షల డాలర్లు పడ్డాయి, జీవితాంతం ఆ వ్యాపారంలోకి రాకుండా నిషేధం.

మన దగ్గర సెబీ 2014లో రీసెర్చ్ అనలిస్టుల నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ షేరులో తనకి, తన బంధువులకి వాటా ఉంటే రిపోర్ట్‌లో రాయాలి. గత పన్నెండు నెలల్లో ఆ కంపెనీ నుంచి డబ్బు తీసుకుని ఉంటే అదీ రాయాలి. రిపోర్ట్‌కి ముప్పై రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత తను ఆ షేరు కొనకూడదు, అమ్మకూడదు. కొనమని చెప్పి తను అమ్ముకోకూడదు.

తేడా గమనించారా? వంద షేర్లు కొనమని మీకు చెప్పేవాడికి ఇన్ని నిబంధనలు. వెయ్యి కోట్ల ప్రభుత్వ టెండర్ ఏ కంపెనీకి పోవాలో పరోక్షంగా ప్రభావితం చేసే ఇండస్ట్రీ అనలిస్టుకి మన దేశంలో రిజిస్ట్రేషన్ లేదు, ఏడాదిలో ఎవరి నుంచి ఎంత తీసుకున్నారో రిపోర్ట్‌లో రాయాలన్న నియమం లేదు. వాళ్ల సొంత పాలసీలే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కొనేది పెద్ద కంపెనీలు, వాళ్లకి లాయర్లుంటారు, మోసపోరు అని ఒక వాదన. కానీ ఆ కంపెనీల్లో ప్రభుత్వ శాఖలూ ఉంటాయి, వాటిలో మన పన్నులుంటాయి. కొత్త చట్టం రావాలా అంటే నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు, అభిప్రాయానికి లైసెన్స్ పెడితే వేరే రోగాలొస్తాయి. కనీసం ఒక్క లైన్ చాలు. ఈ రిపోర్ట్‌లో ఉన్న పదిహేను కంపెనీల్లో మాకు డబ్బు కట్టే కస్టమర్లు ఫలానా పది అని బొమ్మ పక్కనే రాస్తే ఎవరికి నష్టం? ఆ పదీ పైగడిలో ఉంటే ఉండనీ, చూసేవాడు ఆలోచించుకుంటాడు.

మంచి పని చేసినప్పుడు అదీ చెప్పాలి. 2025 జూన్‌లో గార్ట్‌నరే ఒక మాట అంది, ఏఐ ఏజెంట్లు అమ్ముతున్నామని చెప్పుకునే వేల కంపెనీల్లో నిజంగా ఆ సరుకున్నవి 130 దాకా మాత్రమే అని. పాత చాట్‌బాట్‌కి కొత్త పేరు పెట్టి అమ్మేస్తున్నారని ముఖం మీద చెప్పడం అది. అమ్మేవాళ్లలో తన కస్టమర్లు ఉంటారని తెలిసి కూడా చెప్పింది.

కామెంట్లలో ఒక చెల్లి అడిగింది, ఇలాంటి రీసెర్చ్ కంపెనీలో అసోసియేట్ ఉద్యోగం వచ్చింది, చేరొచ్చా అని. చేరమ్మా, మంచి ఉద్యోగం, రాయడం వస్తుంది, లెక్కలు వస్తాయి. ఇంటర్వ్యూలో నువ్వు కూడా ఒక ప్రశ్న అడుగు. పెద్ద కస్టమర్ మీద నేను చెడ్డ మాట రాస్తే, ఆ డ్రాఫ్ట్ ముందు ఎవరి టేబుల్ మీదికి పోతుంది, ఎడిటర్ దగ్గరికా, సేల్స్ మేనేజర్ దగ్గరికా? వాళ్లు చెప్పే జవాబు కన్నా, చెప్పేముందు ఎంతసేపు ఆగారో చూడు.

ఇక టెలిగ్రామ్ గ్రూపుల గురించి. 'రేపు పొద్దున ఈ షేరు పక్కా' అని మెసేజ్ పెట్టే అన్నలకి పైన చెప్పిన ఏ నిబంధనా పట్టదు, ఎందుకంటే చాలామందికి రిజిస్ట్రేషనే లేదు. రిజిస్టర్డ్ రీసెర్చ్ అనలిస్టు అయితే అతనికి ఐఎన్‌హెచ్ అక్షరాలతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి, పేరు కలుస్తుందో లేదో చూడండి, వేరేవాళ్ల నంబర్ వాడుకునే ఘనులు కూడా ఉన్నారు. లాభం గ్యారంటీ అన్నాడంటే నంబర్ ఉన్నా లేనట్టే, రిజిస్టర్ అయినవాళ్లు ఆ మాట అనకూడదు. 'మేం సలహా ఇవ్వట్లేదు, పాఠం చెప్తున్నాం' అనేవాళ్ల కోసం సెబీ 2025 జనవరిలో ఇంకో సర్క్యులర్ ఇచ్చింది, పాఠం చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలు వాడకూడదని. కాబట్టి ఈ రోజు చార్ట్ పెట్టి పాఠం చెప్తున్నాడంటే అది పాఠం కాదు.

ఈ వీడియోకి ఏ బ్రోకర్ యాప్ స్పాన్సర్‌షిప్ లేదు, కింద డిస్క్రిప్షన్‌లో లింకులూ లేవు. మీకొచ్చిన టిప్ మెసేజ్‌లు ఉంటే నంబర్లు, పేర్లు చెరిపేసి స్క్రీన్‌షాట్ పంపండి. వచ్చే వారం వాటిలో నాలుగైదు తీసుకుని, ఐఎన్‌హెచ్ నంబర్ ఎలా వెతకాలో స్క్రీన్ మీదే చూపిస్తా. ఉంటా మరి.